తేట

డండీలో మూడున్నరకే చీకటి.
టే నది వంతెన మీద రైలు గీసిన వెలుగు గీత
ల్యాబ్ కిటికీలో ఓ క్షణం నిలిచి చెరిగిపోతుంది.
నేను ఉలవలు దంచుతున్నాను.

హిల్‌టౌన్ ఎత్తు మీద తాహిర్ కొట్లో కొన్నవి,
అరకిలో సంచి, పౌను ఎనభై.
ల్యాబ్ ఖాతాకి రసీదు కావాలంటే
"గుర్రం దాణా" అని రాసి నవ్వాడు.

రాళ్లేరాను. ఇక్కడి సంచుల్లో రాళ్లుండవు,
వేళ్లకి ఆ సంగతి తెలీదు.
పిండి చేసి, కొవ్వు తీసి,
ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచి
చలిపెట్టెలో గిర్రున తిప్పితే
అడుగున మడ్డి, పైన తేట.
మడ్డి పారేస్తాం. తేట దాచుకుంటాం.

నూజివీడు అమ్మమ్మదీ ఇదే లెక్క:
ఉడికిన గింజ ఎడ్లకి, కట్టు మనకి.

ఆ తేటలో ఒక చిన్న మాంసకృత్తు.
(గింజలో పుట్టినదానికి మాంసం పేరు
ఎవరు తగిలించారో.)
పురుగొచ్చి కొరికితే దాని కడుపులో
అరుగుదలకి గడియ పెట్టడానికి
ఉలవ తనకోసం చేసుకున్న తాళం.
మనకోసం కాదు.
ఆ తాళాన్ని ఇప్పుడు ఇంకో తలుపుకి వేసి చూస్తున్నాం.

ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో, గులాబీ నీళ్లలో,
ఎవరి పేగులోంచో వచ్చిన కణాలు.
సీసా మీద పేరుండదు, అంకె ఉంటుంది.
ఆ మనిషి పోయి చాలా ఏళ్లయి ఉంటుంది,
కణాలకి ఇంకా కబురందలేదు.
రెండ్రోజులకోసారి మేత పెడతాను, ఆదివారమైనా సరే.
ఇరుకైతే పక్క సీసాలోకి కాపురం మారుస్తాను.
ఆపాలనుకున్నవాటిని ఇంత బుజ్జగించి పెంచడం
మొదట్లో నవ్వొచ్చేది.

సూక్ష్మదర్శిని కింద గళ్లు. బొటనవేలి కింద మీట.
టిక్కు. టిక్కు. టిక్కు.
తేట తగలని సీసాలో రెండువందల పన్నెండు.
తగిలిన సీసాలో నూట ముప్పై ఒకటి.
నమ్మక మళ్లీ లెక్కపెట్టాను: నూట ముప్పై నాలుగు.
చావలేదు. నెమ్మదించాయి,
మంచులో హిల్‌టౌన్ ఎక్కుతున్న బస్సులా.

ఫర్గస్ నివేదిక నిండా ఒకటే మాట: కావచ్చు.
కొట్టేసి వేరేది రాద్దామని నేను చూశాను.
వేరేది దొరకలేదు.

గాజుసామాను కడిగే షోనాకి
అక్టోబరులో జానెడు పేగు కోసి తీశారు.
మందెక్కించిన వారమంతా
చల్లటిది ముట్టుకుంటే వేళ్లలో సూదులు.
ఫ్రిజ్ తలుపు నేనే తీసిపెడతాను.
మొన్న బీకరు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది:
"ఆ గింజలు నేను వండుకు తింటే?"

నా దగ్గరున్నవి రెండంకెలు.
ఆమె అడిగింది అంకె కాదు.

"షోనా, అది ప్లాస్టిక్ పళ్లెం.
దానికి కడుపు లేదు, కాలేయం లేదు,
రాత్రి మూడింటికి మెలకువ రాదు.
అందులో నెమ్మదించింది నీలో నెమ్మదిస్తుందో లేదో
నాకు తెలీదు. ఎవరికీ తెలీదు ఇంకా.
నీ మందు మాత్రం మానకు."

"ఎందుకు మానతాను," అంది. బీకరు బోర్లించింది.
"రుచెలా ఉంటుందో చెప్పు."

దానికైతే జవాబుంది.

గురువారం ఫ్లాస్కులో పట్టుకెళ్లాను.
చింతపులుసు పోసి, కట్టు చిక్కబడేదాకా మరిగించి,
ఎండుమిర్చి సగానికి తగ్గించి, పైన కాస్త మీగడ.
ల్యాబ్‌లో తినకూడదు, మెట్ల మీద కూచున్నాం.
గిన్నెని రెండు చేతులా పట్టుకుంది.
చాలాసేపు తాగలేదు. పట్టుకునే ఉంది.
వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.
అప్పుడొక గుటక.

"వానపడ్డ మట్టిలా ఉంది," అంది.
కాసేపాగి, "ఇంకా ఉందా?"

పైన పెట్టెలో కణాలు తమ పని చేసుకుంటున్నాయి.
రేపు మూడో విడత లెక్క. అంకె మారొచ్చు.
సంచిలో మిగిలింది గుప్పెడు.
ఈసారి రెండు సంచులు కొనాలి, రెండు రసీదులు.
రెండోదాని మీద తాహిర్‌ని ఏమని రాయమనాలో
తోచక, దీపం ఆర్పేసి
ఇంకా అక్కడే నిలబడ్డాను.